చిన్న నగరంలో మంచి ఇటాలియన్ భోజనం వెతుక్కోవడం ఎలా

చిన్న నగరంలో ఇటాలియన్ తినాలనిపిస్తే చాలామంది ఫోన్ తీసి "బెస్ట్ ఇటాలియన్" అని కొట్టి, స్టార్లు ఎక్కువున్న చోటికి వెళ్లిపోతారు. అక్కడ దొరికేది దాదాపు ఎప్పుడూ ఒకటే. మెత్తబడిపోయిన పెన్నే పాస్తా, దాని మీద చిక్కటి తెల్ల సాస్, పైన బోలెడంత చీజ్. కడుపు నిండుతుంది కానీ తృప్తి ఉండదు.

నా సలహా ఏమిటంటే, రెస్టారెంట్‌ను పక్కన పెట్టి ముందు వంటకాన్ని వెతకండి. చిన్న నగరంలో అన్నీ బాగా చేసే చోటు ఒక్కటి ఉండటమే అరుదు. కానీ పిజ్జా చక్కగా కాల్చేవాళ్లు ఒకచోట, పాస్తా పట్టు తెలిసిన వంటవాడు ఇంకోచోట, మంచి ఎస్‌ప్రెస్సో మరోచోట ఉండొచ్చు. వాటిని విడివిడిగా పట్టుకోవాలి. దానికి కాస్త ఓపిక, చూసే కన్ను చాలు.

1. స్టార్లు వదిలేసి ఫొటోలు చూడండి

మ్యాప్‌లో కనిపించే ఇటాలియన్ రెస్టారెంట్లు, పిజ్జా షాపులు, కేఫ్‌లు అన్నీ ఒకచోట రాసుకోండి. పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లను, బేకరీలను కూడా కలపండి. బోర్డు మీద ఇటాలియన్ అని లేకపోయినా పర్లేదు. పిండిని నిదానంగా పులియబెట్టి రొట్టెలు చేసే బేకరీ వాళ్లు వారానికి ఒకట్రెండు సాయంత్రాలు పిజ్జా కూడా వేస్తుంటే, ఊరి మొత్తానికి అదే మంచి పిజ్జా కావచ్చు. పిజ్జా రుచిలో సగానికి పైగా పిండిదే.

తర్వాత ఒక్కో చోటుకూ కస్టమర్లు పెట్టిన ఫొటోలు తెరవండి. టేబుల్ దగ్గర మసక వెలుతురులో తీసిన ఫొటోలే నిజం చెబుతాయి. సాస్ పాస్తాకు పట్టుకుని ఉందా, ప్లేటు అడుగున మడుగు కట్టిందా? నూనె విడిపోయి అంచుల్లో తేలుతోందా? పిజ్జా అంచు అక్కడక్కడా నల్లటి మచ్చలతో పొంగి ఉందా, చుట్టూ ఒకే లేత రంగులో చదునుగా ఉందా? ఒకే వంటకానికి వేర్వేరు నెలల్లో తీసిన ఫొటోలు ఉంటే పక్కపక్కన పెట్టి చూడండి. వంటగదిలో నిలకడ ఉందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

రివ్యూల్లో పొగడ్తలకన్నా ఫిర్యాదులు ఎక్కువ పనికొస్తాయి. "పాస్తా సరిగా ఉడకలేదు, గట్టిగా ఉంది", "సాస్ చాలా తక్కువ వేశారు", "పిజ్జా అంచు మాడింది" అని ఎవరైనా కోపంగా రాస్తే నేను ఆ చోటును లిస్టులో పైకి జరుపుతాను. ఇటలీలో పాస్తాను కాస్త పలుకు ఉండగానే దించుతారు. సాస్ పాస్తాకు పూత పట్టేంత ఉంటుంది, మునిగేంత ఉండదు. బాగా వేడెక్కిన ఓవెన్‌లో పిజ్జా అంచుకు నల్ల మచ్చలు పడాల్సిందే. "చల్లగా తెచ్చారు", "వాసన వచ్చింది" అనేవి మాత్రం వేరే సంగతి. వాటిని సీరియస్‌గానే తీసుకోండి.

2. మెనూను నిదానంగా చదవండి

మెనూలో నేను మొదట చూసేది పొడవు. చిన్న వంటగదిలో ఇద్దరు ముగ్గురు మనుషులు నలభై రకాల పాస్తా అప్పటికప్పుడు చేయలేరు. అంత పెద్ద మెనూ ఉందంటే సాస్‌లు ముందే చేసి ఫ్రిజ్‌లో పెట్టి, ఆర్డర్ రాగానే వేడి చేసి కలుపుతున్నారని అనుకోవచ్చు. "పాస్తా మీరే ఎంచుకోండి, సాస్ మీరే ఎంచుకోండి: రెడ్, వైట్, పింక్" అని రాసి ఉంటే అక్కడా అదే పద్ధతి నడుస్తోందన్నమాట.

ఇటాలియన్ వంటలో ఏ సాస్‌కు ఏ పాస్తా అన్నది ఇష్టమొచ్చినట్టు కలిపేది కాదు. బొలోన్యా నగరంలో మాంసంతో గంటల తరబడి ఉడికించే రగూను వెడల్పాటి గుడ్డు పాస్తా తాల్యాతెల్లేతో తింటారు. ఆ రగూ తయారీ విధానాన్ని ఇటాలియన్ వంటల అకాడమీ 1982లో బొలోన్యా వాణిజ్య మండలిలో నమోదు కూడా చేయించింది. జెనోవా వాళ్లు తులసి జాతి ఆకు బేసిల్‌తో చేసే పెస్తోను ట్రొఫియే, ట్రెనెట్టే లాంటి పాస్తాలతో, తరచూ బంగాళాదుంప, బీన్స్ కూడా కలిపి వడ్డిస్తారు. మెనూలో ఇలాంటి జతలు ఒకటి రెండు కనిపించినా, రాసినవాళ్లకు విషయం తెలుసని నమ్మొచ్చు.

తర్వాత కార్బొనారా ఉందేమో చూడండి. రోమ్ పద్ధతిలో అందులో ఉండేవి గుడ్డు, పెకొరీనో చీజ్, మిరియాలు, ఉప్పులో ఊరబెట్టిన పంది దవడ మాంసం గ్వాంచాలే. క్రీమ్ ఉండదు. పాస్తా వేడికే గుడ్డు చిక్కబడి సాస్ అవుతుంది. మంట మీద ఒక్క నిమిషం ఎక్కువైతే గుడ్డు విరిగి ముద్దలు కడుతుంది. క్రీమ్ పోస్తే ఆ భయం ఉండదు, అందుకే చాలామంది క్రీమ్ పోసేస్తారు. గ్వాంచాలే దొరక్క బేకన్ వాడితే నేను తప్పు పట్టను, చిన్న నగరంలో అది సహజం. క్రీమ్, పుట్టగొడుగులు, చికెన్ అన్నీ వేసి కార్బొనారా అని రాస్తే మాత్రం ఆ వంటగదిలో పాస్తా అడగను.

తెల్ల సాస్‌తో వచ్చే అల్‌ఫ్రెడో పాస్తా కనబడగానే మెనూ మూసేయాల్సిన పని లేదు. ఇరవయ్యో శతాబ్దపు తొలి రోజుల్లో రోమ్‌లో అల్‌ఫ్రెడో డి లేలియో అనే రెస్టారెంట్ యజమాని వెన్న, పర్మేజాన్ మాత్రమే కలిపి వడ్డించిన పాస్తా అది, ఫెట్టుచినే అనే పొడవాటి రకంతో. క్రీమ్ వేసే పద్ధతి అమెరికాలో స్థిరపడి అక్కణ్ణుంచి ప్రపంచమంతా పాకింది. జనం అడుగుతారు కాబట్టి చిన్న నగరంలో దాన్ని పెట్టక తప్పదు. అలాగే అదే మెనూలో వేరే దేశాల వంటకాలు ఉన్నా కొట్టేయకండి. ఒక్క ఇటాలియన్ వంట మీదే అద్దె, జీతాలు గట్టెక్కించడం చిన్న ఊళ్లో కష్టం. ఇటాలియన్ పేజీ చిన్నగా, ఆలోచించి రాసినట్టు ఉందా అన్నదే మీకు కావాలి.

ఇటలీ వాణిజ్య మండళ్లు విదేశాల్లోని ఇటాలియన్ రెస్టారెంట్లకు ఇచ్చే ఓస్పిటాలిటా ఇటాలియానా అనే గుర్తింపు ఒకటుంది. అది గోడ మీద కనిపిస్తే మంచిదే. లేదని మాత్రం వదిలేయకండి, చిన్న నగరాలకు అలాంటివి వచ్చే అవకాశం తక్కువ.

3. అక్కడ సరుకు ఎన్నాళ్లు నిలవ ఉంటుందో ఆలోచించండి

చిన్న నగరంలో ఇటాలియన్ భోజనం చెడటానికి అసలు కారణం చాలాసార్లు వంటవాడు కాదు, సరుకు. బుర్రాటా లాంటి తాజా చీజ్ నాలుగు రోజులు మించి బాగుండదు. వారానికి ముగ్గురో నలుగురో అడిగే చోట అది మీ ప్లేటులోకి వచ్చేసరికి పులుపు పట్టి ఉండొచ్చు. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లో ఆల్చిప్పల మాంసం (క్లామ్స్) వేసిన పాస్తా కూడా అంతే. మెనూలో ఎంత ఊరించేలా రాసినా అవి అడగకండి.

దీనికి మందు ఇటాలియన్ వంటలోనే ఉంది. ఆ దేశపు గొప్ప వంటకాల్లో చాలా భాగం అల్మారాలో నెలల తరబడి ఉండే సరుకుతో చేసేవే. ఎండు పాస్తా, డబ్బా టమాటా, వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఎండుమిర్చి, ఆలివ్ కాయలు, కేపర్లు అనే ఊరబెట్టిన పూమొగ్గలు, ఉప్పులో ఊరబెట్టిన ఆంచొవీ చేపలు, గట్టి చీజ్. వీటితో ఆల్యో ఎ ఓల్యో, అర్రాబ్యాతా, పుత్తనెస్కా, కాచో ఎ పేపే లాంటి పాస్తాలన్నీ అవుతాయి. డబ్బా టమాటా అంటే చిన్నచూపు అక్కర్లేదు. సీజన్‌లో చెట్టునే పండిన టమాటాలను తొక్క తీసి డబ్బాల్లో నింపుతారు. నేపుల్స్ పిజ్జా సాస్‌కు కూడా అవే వాడతారు. ఉడికించకుండా చేత్తో నలిపి, ఉప్పు వేసి పిండి మీద పరచడమే.

వంకాయ లాంటి కూరగాయలు ఏ ఊళ్లోనైనా తాజాగా దొరుకుతాయి కాబట్టి వంకాయ, టమాటా, చీజ్ పొరలుగా పేర్చి కాల్చే వంకాయ పర్మిజానా, వంకాయ వేసే సిసిలీ వాళ్ల పాస్తా అల్లా నోర్మా కూడా చిన్న నగరంలో ధైర్యంగా అడగొచ్చు. ఇలా నిలవ సరుకునూ స్థానిక కూరగాయలనూ నమ్ముకుని మెనూ తయారుచేసుకున్న యజమాని కనిపిస్తే, ఆ మనిషికి తన ఊరి సంగతీ తెలుసు, ఇటాలియన్ వంట సంగతీ తెలుసు. అలాంటి చోటుకు మళ్లీ మళ్లీ వెళ్లండి.

ట్రఫుల్ ఆయిల్ చుక్కలు వేసిన వంటకాలకు ఎక్కువ డబ్బు పెట్టకండి. మార్కెట్లో దొరికే ట్రఫుల్ ఆయిల్‌లో ఎక్కువ భాగం ల్యాబ్‌లో తయారైన వాసనతో చేసిందే.

మాంసాహారం తినని వాళ్లు ఒక విషయం ముందే తెలుసుకోవాలి. అసలైన పర్మిజానో రెజ్జానో, పెకొరీనో రొమానో చీజ్‌లను దూడ, గొర్రెపిల్లల పొట్టలోంచి తీసే రెన్నెట్‌తో గడ్డకట్టిస్తారు. శాకాహార రెన్నెట్‌తో చేసిన చీజ్ వాడుతున్నారేమో అడగండి. పుత్తనెస్కాలో ఆంచొవీ ఉంటుందేమో కూడా అడగడం మంచిది, మెనూలో చాలామంది ఆ ముక్క రాయరు.

4. వెళ్లే ముందు ఒక్క ఫోన్ కొట్టండి

మధ్యాహ్నం రద్దీ తగ్గాక చేయండి. "రిసొట్టో ఎంతసేపట్లో వస్తుంది?" అని అడగండి. రిసొట్టో అంటే ఇటాలియన్ల బియ్యపు వంటకం. పచ్చి బియ్యం నుంచి రిసొట్టో కావడానికి దాదాపు ఇరవై నిమిషాలు పడుతుంది. "కాస్త ఆలస్యమవుతుందండీ" అని జవాబొస్తే సంతోషించండి. "అయిదు నిమిషాల్లో ఇచ్చేస్తాం" అంటే అది ఉదయం ఉడికించి పెట్టిందే. పిజ్జా పిండి ఎప్పుడు కలిపారని కూడా అడగండి. "నిన్న కలిపాం" అంటే పాతదని కంగారు పడొద్దు, మంచి పిజ్జా పిండి అలాగే గంటల తరబడి పులియాలి. ఈ రెండు ప్రశ్నలకు ఫోన్ ఎత్తినవాళ్లు వంటగదిలోకి వెళ్లి కనుక్కుని వచ్చి చెబితే, అదీ ఒక మంచి గుర్తే.

5. మొదటిసారి అన్నిటికన్నా సాదా వంటకం అడగండి

పని రోజు, రద్దీ మొదలుకాక ముందు వెళ్లండి. మెనూలో ఎంత నోరూరించేవి ఉన్నా మొదటిసారి స్పగెట్టీ అల్ పొమొడోరో గానీ, ఆల్యో ఎ ఓల్యో గానీ అడగండి. ఒకటి టమాటా, ఇంకొకటి వెల్లుల్లి, నూనె, మిర్చి. చీజ్ గుట్టల కింద తప్పులు దాచుకునే వీలు వీటిలో లేదు.

ప్లేటు ఎంతసేపటికి వచ్చిందో గమనించండి. ఎండు స్పగెట్టీ ఉడకడానికే ఎనిమిది నుంచి పన్నెండు నిమిషాలు పడుతుంది. నాలుగు నిమిషాల్లో వచ్చిందంటే ముందే ఉడికించి పెట్టారు. అప్పటికప్పుడు చేసిన తాజా గుడ్డు పాస్తా మాత్రం రెండు మూడు నిమిషాల్లో ఉడుకుతుంది, దానికి ఈ లెక్క వర్తించదు.

ఇప్పుడు ఫోర్కుతో నాలుగు పోగులు పైకెత్తి చూడండి. టమాటా పోగుల వెంట సన్నగా పూతలా అంటుకుని పైకి రావాలి. సాస్ జారిపోయి తెల్లటి పోగులు బయటపడ్డాయంటే, పాస్తాను విడిగా ఉడికించి సాస్ పైన పోశారన్నమాట. తెలిసిన వంటవాడు పాస్తాను ఒకట్రెండు నిమిషాలు ముందే తీసి సాస్ ఉన్న పాన్‌లో వేస్తాడు, ఉడికిన నీళ్లు ఒక గరిటె పోసి గబగబా తిప్పుతాడు. ఆ నీళ్లలో పాస్తా నుంచి దిగిన పిండి ఉంటుంది. నూనె, నీళ్లు విడిపోకుండా కలిపి చిక్కబరిచేది అదే. ఆల్యో ఎ ఓల్యోలో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. నూనె పసుపు రంగులో అడుగున చేరకుండా, పోగుల చుట్టూ పల్చటి మీగడలా మెరవాలి.

ఒక పోగు కొరికి చూడండి. మధ్యలో పంటికి కాస్త ఆనాలి, కానీ పచ్చి పిండి రుచి రాకూడదు. తర్వాత ఉప్పు. పాస్తా ఉడికించే నీళ్లకు ఇటాలియన్లు చెప్పే లెక్క నూరు గ్రాముల పాస్తాకు లీటరు నీళ్లు, పది గ్రాముల ఉప్పు. ఆ నీళ్లలో ఉప్పు లేకపోతే సాస్ ఎంత బాగున్నా పాస్తా చప్పగా ఉంటుంది, పైన ఎంత ఉప్పు చల్లినా ఆ లోటు తీరదు. వెల్లుల్లి లేత బంగారు రంగులో ఉండాలి. గోధుమ రంగుకు తిరిగితే చేదెక్కుతుంది.

చివరి పోగు తిన్నాక ప్లేటు చూడండి. రొట్టె ముక్కతో తుడుచుకునేంత సాస్ మిగిలితే సరిగ్గా ఉన్నట్టు. నీళ్లు మిగిలాయంటే ఆ చోట పాస్తా ఆశలు వదులుకోవచ్చు. పిజ్జా కోసం మాత్రం ఇంకొక్క అవకాశం ఇవ్వండి, తరచూ ఆ పని చేసే మనిషి వేరు.

6. పిజ్జాను దాని రకాన్ని బట్టి తూచండి

పరీక్షకు మార్గరీటా. టమాటా, మొజరెల్లా, బేసిల్, ఆలివ్ నూనె, అంతే.

నేపుల్స్ పిజ్జా 430 డిగ్రీలు దాటిన ఓవెన్‌లో ఒకటి, ఒకటిన్నర నిమిషంలో కాలుతుంది. అంచు పొంగి మెత్తగా ఉంటుంది, మధ్యలో పల్చగా, కాస్త తడిగా ఉంటుంది. దాన్ని కాపాడటానికి 1984లో నేపుల్స్‌లో ఒక సంఘమే ఏర్పడింది. అక్కడి పిజ్జా తయారీదారుల కళను 2017లో యునెస్కో గుర్తించింది. కానీ చిన్న నగరంలో చాలా చోట్ల ఉండేవి మామూలు ఎలక్ట్రిక్ ఓవెన్లు. వాటిలో ఆ వేడి రాదు. ఆ వేడి లేకుండా నేపుల్స్ పిజ్జా చేయబోతే పిండి ఎండిపోయి తోలులా సాగుతుంది.

అందుకే ఎలక్ట్రిక్ ఓవెన్ ఉన్న చోట పలకల మీద దీర్ఘచతురస్రంగా కాల్చి ముక్కలుగా కోసి అమ్మే రోమ్ పిజ్జా, పిజ్జా అల్ తాల్యో, దొరుకుతుందేమో చూడండి. దానికి ఆ ఓవెన్ సరిగ్గా సరిపోతుంది. రోమ్‌లోనూ అలాంటి ఓవెన్లలోనే చేస్తారు. ఆలివ్ నూనెతో కాల్చే మందపాటి రొట్టె ఫొకాచ్చా సంగతి కూడా అంతే. కట్టెల పొయ్యి లేదని చిన్నబోయే బదులు, ఉన్న ఓవెన్‌కు తగ్గది చేసే మనిషిని వెతకండి.

ముక్క చేతిలోకి తీసుకుని కింది వైపు తిప్పి చూడండి. అక్కడక్కడా గోధుమ, నల్ల మచ్చలు ఉంటే ఓవెన్ నేల బాగా వేడెక్కిందని అర్థం. తెల్లగా, పిండి పిండిగా ఉంటే లేదని. అంచును చీల్చి లోపల చిన్నా పెద్దా గాలి బుడగలు ఉన్నాయేమో చూడండి. తిన్న రాత్రి విపరీతంగా దాహం వేసి, పొట్ట బరువుగా అనిపిస్తే ఉప్పు ఎక్కువై, పిండి తగినంత పులియలేదేమోనని నేను అనుమానిస్తాను.

7. తీపి

తిరమిసులో ఉండాల్సినవి మస్కార్పోనే అనే మెత్తటి క్రీమ్ చీజ్, గుడ్డు, పంచదార, కాఫీలో ముంచిన సవొయార్డి బిస్కెట్లు, పైన కోకో. స్పూను దించితే కాఫీ తడి కనిపించాలి. కేకు ముక్క మీద విప్ చేసిన క్రీమ్ పెట్టి ఇస్తే అది వేరే స్వీటు.

ఇటాలియన్ ఐస్‌క్రీమ్ జెలాటో అమ్మే దుకాణంలో పిస్తా రంగు చూడండి. నిజమైన పిస్తా మట్టి కలిసిన లేత ఆకుపచ్చలో ఉంటుంది, మెరిసే పచ్చటి పచ్చ కాదు. అరటిపండు జెలాటో పసుపుగా కాక బూడిద తెలుపులో ఉంటుంది. గిన్నెల పైకి గుట్టలుగా పేర్చి పండ్లు గుచ్చిన చోటుకన్నా, మూతలున్న లోతు డబ్బాల్లో పెట్టే చోటు నాకు ఎక్కువ నమ్మకం.

8. వంటగదితో మాట కలపండి

పెద్ద నగరం కన్నా చిన్న నగరం మెరుగనిపించేది ఇక్కడే. యజమాని అక్కడే ఉంటాడు, వంటవాడిని పిలిచి మాట్లాడించడం కష్టం కాదు. "పాస్తా చాలా బాగుందండీ, నాకు ఇంకాస్త పలుకుగా ఉన్నా ఇష్టమే" అని చెప్పి చూడండి. జనం గొడవ పెడతారని ఎక్కువ ఉడికిస్తున్న వంటవాళ్లు ఎందరో ఉన్నారు. ఒక్క కస్టమర్ అలా అడిగితే వాళ్ల ముఖం వెలిగిపోతుంది. మర్నాటి నుంచి మీ ప్లేటు వేరుగా వస్తుంది.

రెండు మూడుసార్లు వెళ్లి పరిచయమయ్యాక ముందురోజు ఫోన్ చేసి నలుగురికి రిసొట్టో అడగండి. నలుగురి లెక్క ఉంటే అప్పటికప్పుడు గరిటె గరిటె వేడి స్టాక్ (మాంసం గానీ కూరగాయలు గానీ ఉడికించిన నీళ్లు) పోస్తూ చేయడానికి ఏ వంటగదైనా ఒప్పుకుంటుంది. మెనూలో లేని సాదా పాస్తా అడిగినా చేసిస్తారు. ఊళ్లో యూనివర్సిటీ గానీ, విదేశీ ఇంజినీర్లు వచ్చే ఫ్యాక్టరీ గానీ ఉంటే అక్కడి ఇటాలియన్లు ఎక్కడ తింటున్నారో కనుక్కోండి. వాళ్లు వెళ్లే చోట ఏం అడుగుతారో తెలిస్తే ఇంకా మంచిది.

9. పార్సిల్ తప్పనిసరైతే

లజానియా, వంకాయ పర్మిజానా, ఫొకాచ్చా తెప్పించుకోండి. ఇంట్లో మళ్లీ ఓవెన్‌లో వేడి చేసినా రుచి పోదు. కార్బొనారా, కాచో ఎ పేపే, రిసొట్టో మాత్రం డబ్బాలో పది నిమిషాలకే గడ్డకడతాయి. నేపుల్స్ పిజ్జా అట్ట పెట్టెలో ఆవిరికి మెత్తబడుతుంది. దాన్ని ఓవెన్ పక్కన కూర్చునే తినాలి.

10. లిస్టును వంటకాల వారీగా రాసుకోండి

ఫోన్‌లో రెస్టారెంట్ పేర్లకు బదులు వంటకాల పేర్లు రాసి, ఒక్కోదాని పక్కన చోటు రాయండి. పొమొడోరో ఇక్కడ, మార్గరీటా అక్కడ, ఎస్‌ప్రెస్సో ఇంకోచోట. వంట చేసే మనిషి పేరు తెలిస్తే అదీ రాసుకోండి. చిన్న నగరంలో ఒక రెస్టారెంట్ రుచి చాలాసార్లు ఒక్క మనిషి చేతిలోనే ఉంటుంది. ఆ మనిషి వెళ్లిపోయాక మెనూ అదే, బోర్డు అదే, రుచి మాత్రం మారుతుంది. అలా అనిపించిన రోజు బిల్లు కడుతూ, పాత చెఫ్ ఇప్పుడు ఎక్కడ చేస్తున్నారో అడగండి. వెయిటర్లకు తెలుస్తుంది, అడిగితే చెబుతారు కూడా.